పోపుగా మారిన బిషప్పు బొమ్మ: క్రెస్పి గీసిన లాంబెర్తిని చిత్రంపై తరచుగా అడిగే ప్రశ్నలు

వాటికన్ మ్యూజియాల్లో ఉన్న ఒక పెద్ద ఆయిల్ పెయింటింగ్ గురించి ఈ పేజీ. అగ్రపీఠాధిపతిగా (ఆర్చిబిషప్పుగా) కాన్వాస్ మీదకి ఎక్కి, బొమ్మ పూర్తయ్యేలోపు పోపు అయిపోయిన ఒకాయన చిత్రం అది. 18వ శతాబ్దపు చర్చి పెద్దల బొమ్మలు చూసినప్పుడు మనవాళ్లకు వచ్చే మామూలు సందేహాలు కూడా ఇందులోనే కలిపేశాను. వరసగా చదవాల్సిన పని లేదు, కావలసిన ప్రశ్న దగ్గరికి వెళ్లొచ్చు.

ఇంతకీ ఎవరి బొమ్మ ఇది? ఎవరు వేశారు?

బొమ్మలో ఉన్నాయన ప్రోస్పెరో లాంబెర్తిని. 1675లో ఇటలీలోని బొలోన్యాలో పుట్టారు. 1731లో అదే ఊరికి అగ్రపీఠాధిపతి అయ్యారు. 1740లో పద్నాలుగో బెనెడిక్ట్ అనే పేరుతో పోపు అయ్యారు. వేసినాయన జుసెప్పే మరియా క్రెస్పి. ఆయనదీ బొలోన్యానే, 1665లో పుట్టారు. అంటే 1740 నాటికి గీసిన మనిషికి డెబ్బై అయిదు, గీయించుకున్న మనిషికి అరవై అయిదు. ఇద్దరూ ఒకే ఊరివాళ్లు, ఇద్దరూ పెద్దవాళ్లు. బొమ్మలో ఉన్న చనువుకి ఇది కూడా ఒక కారణం అనుకుంటాను.

చిత్రం 1740 నాటిది. కాన్వాస్ మీద నూనెరంగులు. రెండున్నర మీటర్లకు పైనే ఎత్తు ఉంటుంది, కాబట్టి మనిషి నిలువెత్తున కనిపిస్తాడు. ప్రస్తుతం వాటికన్ చిత్రశాల పినకోతెకాలో ఉంది.

బిషప్పు బొమ్మ అంటున్నారు, వేసుకున్నవేమో పోపు బట్టలు. ఏది నిజం?

రెండూ నిజమే. ఈ బొమ్మ గురించి చెప్పుకోవడానికి కారణమే అది.

క్రెస్పి పని మొదలుపెట్టినప్పుడు ఎదురుగా ఉన్నది బొలోన్యా అగ్రపీఠాధిపతి, కార్డినల్ లాంబెర్తిని. 1740 ఫిబ్రవరిలో పన్నెండో క్లెమెంట్ పోపు చనిపోయారు. కార్డినళ్లందరూ రోమ్‌లో తలుపులు వేసుకుని కొత్త పోపును ఎన్నుకోవడానికి కూర్చున్నారు. అప్పటి ఎన్నికలు మామూలుగా కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో తేలేవి. ఆ ఏడు మాత్రం ఆరు నెలలు పట్టింది. ఫ్రాన్స్, స్పెయిన్, ఆస్ట్రియా ఎవరి మనిషి కోసం వాళ్లు పట్టుబట్టారు, ఎవరికీ సరిపడా ఓట్లు రాలేదు. చివరికి ఆగస్టు 17న ఎవరూ పెద్దగా ఊహించని లాంబెర్తిని పేరు ఖాయమైంది.

ఇక్కడ బొలోన్యాలో బొమ్మ పరిస్థితి ఏమిటి? అందులో ఉన్న మనిషి అదే మనిషి, హోదా మారిపోయింది. క్రెస్పి ఆ కాన్వాస్‌ను పక్కన పడేయలేదు. కార్డినల్ బట్టల్ని పోపు బట్టలుగా మార్చారు. ముఖాన్ని, నిలబడిన తీరుని అలాగే ఉంచారు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పోపు అయ్యాక కూడా లాంబెర్తిని బొలోన్యా పీఠాన్ని వెంటనే వదులుకోలేదు. 1754 దాకా దాన్ని తన పేరు మీదే ఉంచుకున్నారు. పైగా పోపు అంటేనే రోమ్ నగరానికి బిషప్పు. కాబట్టి దీన్ని బిషప్పు బొమ్మ అన్నా ఏ కోణంలోనూ తప్పు కాదు.

మార్చారని ఎలా తెలుసు? కథ కట్టి ఉండొచ్చుగా?

దీనికి చిన్న నమూనా చిత్రం ఒకటి ఉంది. పెద్ద కాన్వాస్‌కి దిగే ముందు చిత్రకారులు చిన్న సైజులో రంగులతోనే ఒక రఫ్ వేసుకునేవారు. లాంబెర్తినిది బొలోన్యాలోని అక్కూర్సియో భవనంలో, నగరపాలక సంస్థ కళా సేకరణలో ఉంది. అందులో ఆయన కార్డినల్‌గా ఎర్రటి దుస్తుల్లో కనిపిస్తారు. రెండు ఫొటోలనూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఏది ఉంచారో, ఏది మార్చారో ఇట్టే తెలిసిపోతుంది.

ఎర్ర అంగీ మీద తెల్ల రంగు వేసేస్తే సరిపోతుందా? అంత తేలికా?

తేలిక కాదు, కానీ ఆ కాలపు రంగుల్ని బట్టి చూస్తే కుదిరే పనే.

అప్పట్లో తెలుపు అంటే సీసం నుంచి తయారుచేసిన తెలుపు. బాగా దట్టంగా కప్పుతుంది, నూనెలో త్వరగా గట్టిపడుతుంది. ఎరుపు రెండు రకాలుగా వేసేవారు. అడుగున సింధూరపు ఛాయ ఉన్న దట్టమైన ఎరుపు, అది ఆరాక పైన పురుగుల నుంచో వేళ్ల నుంచో తీసిన పల్చటి, అద్దం లాంటి ఎరుపు. పట్టు మడతల్లో మెరుపు వచ్చేది ఈ రెండో పూత వల్లే. ఎరుపు పచ్చిగా ఉండగా దాని మీద తెలుపు పెడితే గులాబీ రంగులోకి తిరుగుతుంది, బొమ్మ పాడవుతుంది. పూర్తిగా ఆరాక వేస్తే నిలుస్తుంది.

ఇంకో చిక్కు ఏమిటంటే నూనెరంగులు వయసు పెరిగేకొద్దీ కాస్త పారదర్శకంగా మారతాయి. వంద, రెండొందల ఏళ్ల తర్వాత చిత్రకారుడు దాచేసిన పాత గీత పైకి తేలడం చాలా బొమ్మల్లో జరుగుతుంది. ఎక్స్‌రే తీయకుండానే కొన్నిసార్లు కంటికి కనిపిస్తుంది. ఒక చెయ్యి ఉన్న చోట ఇంకో చెయ్యి నీడలా ఉండటం, టోపీ అంచు రెండుగా కనిపించడం అలా వచ్చినవే.

క్రెస్పికి ఒక అదృష్టం కలిసొచ్చింది. భుజాల మీద మోచేతుల దాకా వచ్చే పొట్టి కేప్ ఒకటి ఉంటుంది, మొజ్జెట్టా అంటారు. అది కార్డినల్‌కీ ఎరుపే, పోపుకీ ఎరుపే. అంటే బొమ్మలో అన్నిటికన్నా పెద్దగా కనిపించే ఎర్ర భాగాన్ని ముట్టుకోవాల్సిన పని పెద్దగా లేదు. కింది అంగీని తెల్లగా చేయడం, పోపు వేసుకునే ఇతర గుర్తులు చేర్చడం, అంతవరకే.

బట్టల్ని బట్టి బిషప్పో, కార్డినలో, పోపో ఎలా గుర్తుపట్టాలి?

మోటుగా చెప్పాలంటే బిషప్పుకి ఊదా, కార్డినల్‌కి ఎరుపు, పోపుకి తెలుపు. 2022 ఆగస్టులో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంటోని గారు కార్డినల్ అయినప్పుడు మన పేపర్లన్నిటిలో వచ్చిన ఫొటోలు గుర్తుచేసుకోండి. అంతకుముందు ఫొటోల్లో ఊదా నడికట్టు, టోపీ. తర్వాత ఫొటోల్లో ఎరుపు. మూడు వందల ఏళ్ల నాటి ఇటలీ బొమ్మలకీ అదే లెక్క.

మెడలో గొలుసుకి వేలాడే సిలువ, కుడి చేతి ఉంగరం ముగ్గురికీ ఉంటాయి, కాబట్టి వాటితో తేల్చలేం. రంగే ముఖ్యం. కానీ సన్యాస సభల నుంచి వచ్చిన బిషప్పులు, కార్డినళ్లు తమ సభ రంగునే కొనసాగించేవారు. డొమినికన్ అయితే తెలుపు-నలుపు, ఫ్రాన్సిస్కన్ అయితే బూడిద లేదా గోధుమ రంగు. అలాంటి బొమ్మ కనబడితే ఊదా లేదని కంగారుపడొద్దు.

ఇంకొందరు బొమ్మ మూలన వేసిన వంశ చిహ్నంలో కుచ్చులు లెక్కపెడతారు. చిహ్నం పైన వెడల్పాటి టోపీ, దాని నుంచి రెండు వైపులా వేలాడే కుచ్చులు ఉంటాయి. బిషప్పుకి పక్కకి ఆరు, అగ్రపీఠాధిపతికి పది, కార్డినల్‌కి పదిహేను అని ఇప్పటి పద్ధతి. ఈ లెక్కలు గట్టిగా స్థిరపడింది 19వ శతాబ్దంలో. 18వ శతాబ్దపు చిత్రాల్లో చేతికొచ్చినట్టు వేశారు. అందుకని కుచ్చుల్ని నమ్ముకుని హోదా తేల్చొద్దు.

ఆ తెల్లటి లేసు నిజంగా అంత సన్నగా గీశారా?

లేదు. మాయంతా అక్కడే ఉంది.

అంగీ మీద, కేప్ కింద వేసుకునే తెల్లటి పల్చటి పైవస్త్రాన్ని రోచెట్ అంటారు. దాని అంచుకి, చేతుల చివర లేసు ఉంటుంది. ఆ రోజుల్లో మంచి లేసు మామూలు ఖరీదు కాదు. వంశాల ఆస్తి లెక్కల్లో దాన్ని కూడా రాసుకునేవారు. కాబట్టి బొమ్మలో లేసు బాగా రావాలని గీయించుకునేవాళ్లకి పట్టుదల ఉండేది.

ఇలాంటి ఏ మంచి చిత్రం దగ్గరికైనా అడుగు దూరం దాకా వెళ్లి చూడండి. లేసు ఉన్న చోట ముందు బూడిద రంగు పల్చగా పూసి ఉంటుంది, కింది అంగీ రంగు అందులోంచి లీలగా కనిపిస్తుంది. దాని మీద గట్టి తెలుపుతో చుక్కలు, కొక్కేల్లాంటి చిన్న చిన్న మలుపులు. వెలుగు పడే మడతల మీద చుక్కలు ఎత్తుగా, వేలితో తడిమితే తగిలేంత దట్టంగా ఉంటాయి (తడమకండి, అలారం మోగుతుంది). నీడలోకి వెళ్లేకొద్దీ అసలు చుక్కలే ఉండవు. దగ్గర్నుంచి అది చెరిగిపోయిన ముగ్గులా ఉంటుంది. నాలుగు అడుగులు వెనక్కి వేస్తే పువ్వులు, ఆకులు, జాలీ అన్నీ అమరిపోతాయి. చూసే కంటికి ఎంత పని వదిలెయ్యాలో తెలిసినవాడే మంచి పోర్ట్రెయిట్ చిత్రకారుడు. ప్రతి దారాన్నీ గీసుకుంటూ పోయిన రెండో రకం చిత్రకారుల లేసు రేకు కత్తిరించి అతికించినట్టు బిగుసుకుపోయి ఉంటుంది.

ఇది రొకోకోనా, బరోకా?

వాదించుకోవడానికి మంచి ప్రశ్న. రెండూ యూరప్ కళా శైలులు, బరోక్ ముందుది, రొకోకో తర్వాతది. రొకోకో పారిస్‌లో మొదలైంది. 1715లో పద్నాలుగో లూయీ పోయాక రాజదర్బారు గాంభీర్యం మీద జనానికి మొహం మొత్తి, లేత రంగులు, ఒంపులు, హాయిగా కూర్చున్న మనుషులు వచ్చారు. అక్కడి నుంచి బవేరియాకీ వెనిస్‌కీ పాకింది. క్రెస్పి అంతకు ముందు తరం మనిషి. ఆయన బొమ్మల్లో గోధుమ, నలుపు నీడలు ఎక్కువ. రంగుల పెట్టె చూస్తే బరోక్ అనాలి.

అయితే స్వభావం వేరు. బరోక్ చర్చి పెద్ద బొమ్మలో మనిషి మనల్ని పై నుంచి కిందికి చూస్తాడు. లాంబెర్తిని అలా చూడడు. కండపట్టిన ముఖం, మాట అనబోతున్నట్టున్న మూతి, మనిషిని గదిలోకి రమ్మంటున్నంత తేలిక. ఆ సడలింపు రొకోకో కాలానిదే. పైగా వెనిస్ రొకోకోలో పెద్ద పేర్లయిన పియెత్రో లోంగి, పియాత్జెత్తా ఇద్దరూ బొలోన్యా వచ్చి క్రెస్పి దగ్గర పని నేర్చుకున్నవాళ్లే. నా మటుకు ఇది రొకోకో గుమ్మంలో నిలబడిన బొమ్మ. మ్యూజియంలో ఏ గదిలో పెట్టాలన్నది క్యూరేటర్ల తలనొప్పి, మనది కాదు.

అసలైన రొకోకో బిషప్పు చిత్రం చూడాలంటే?

జర్మనీ వైపు చూడండి. కొలోన్ అగ్రపీఠాధిపతి, బవేరియా రాజవంశానికి చెందిన క్లెమెన్స్ ఆగస్ట్ (1700–1761) ఈ విషయంలో అందరికన్నా పైన. ఒకేసారి కొలోన్‌తో పాటు మ్యూన్‌స్టర్, పాడెర్‌బోర్న్, హిల్డెస్‌హైమ్, ఓస్నాబ్రూక్ పీఠాలు కూడా ఆయన చేతిలో ఉండేవి. బిషప్పే కాదు, ఆ ప్రాంతానికి పాలకుడు కూడా. వేట, డేగలతో ఆట, సంగీతం, నాట్యం అన్నీ ఇష్టం. బ్రూల్‌లో ఆయన కట్టించిన ఆగస్టస్‌బుర్గ్ ప్యాలెస్, పక్కనే డేగల వేట కోసం కట్టించిన ఫాల్కెన్‌లుస్ట్ 1984 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. ఆయన చిత్రాలు ఎక్కువగా వేసింది జార్జ్ దెమారే. స్వీడన్‌లో పుట్టి, వెనిస్‌లో నేర్చుకుని, మ్యూనిక్ దర్బారులో స్థిరపడిన చిత్రకారుడు. పట్టు, బొచ్చు, లేసు, పౌడర్ చల్లిన విగ్గు, వెండి మెరుపు అన్నీ ఉంటాయి. ఆధ్యాత్మికం ఎక్కడుందో మీరే వెతుక్కోవాలి.

సంగీతం ఇష్టపడేవాళ్లకో మాట. బాన్‌లో ఈయన దర్బారులో పాడటానికి 1733లో చేరిన గాయకుడు బీథోవెన్ తాతగారే.

లాంబెర్తిని చిత్రాలు ఇంకేమైనా ఉన్నాయా?

చాలా ఉన్నాయి. పోపు కదా, రాయబార కార్యాలయాలకీ రాజులకీ నకళ్లు వెళ్లేవి. అన్నిటిలో పేరున్నది ఫ్రెంచ్ చిత్రకారుడు పియెర్ సుబ్లెరాస్ వేసినది. దాని రూపాలు వెర్సైల్‌లో, న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. అందులో ఆయన సింహాసనం మీద కూర్చుని ఉంటారు. పని నిక్కచ్చిగా ఉంటుంది, క్రెస్పి చిత్రంలో ఉన్న ఊపు మాత్రం నాకు కనిపించదు.

మనిషి ఎలాంటివాడు?

సరదా మనిషి, పుస్తకాల పురుగు. ఆరు నెలలు సాగిన ఆ ఎన్నిక మధ్యలో తోటి కార్డినళ్లతో అన్నారని ఒక మాట ప్రచారంలో ఉంది: మీకు సాధువు కావాలంటే గోత్తిని ఎన్నుకోండి, రాజకీయం తెలిసినవాడు కావాలంటే అల్ద్రోవాందిని, మంచి మనిషి చాలనుకుంటే నన్ను. ఇందులో కొసమెరుపు ఏమిటంటే ముగ్గురూ బొలోన్యావాళ్లే.

చదువుకున్న ఆడవాళ్లకి ఆయన చేసిన సాయం ఎక్కువమందికి తెలియాల్సినది. 1732లో లౌరా బాస్సీ అనే ఇరవై ఏళ్ల అమ్మాయి బొలోన్యా విశ్వవిద్యాలయంలో పండితుల ముందు వాదించి డాక్టరేట్ తీసుకుంది. అప్పటి అగ్రపీఠాధిపతి లాంబెర్తిని ఆమెకి గట్టి అండ. పోపు అయ్యాక 1745లో బొలోన్యా శాస్త్రవేత్తల్లోంచి ఇరవై నలుగురిని ఎంచి జీతమిచ్చే ప్రత్యేక బృందం ఒకటి పెట్టారు. లౌరాని ఇరవై అయిదో మనిషిగా చేర్చారు. 1750లో మిలన్‌కి చెందిన గణిత శాస్త్రవేత్త మరియా గాయెతానా అన్యేసీకి బొలోన్యాలో ఆచార్య పదవి ఇప్పించిందీ ఆయనే. రోమ్‌లో క్యాపిటోలిన్ కొండ మీద అందరికీ తెరిచిన చిత్రశాల పెట్టించారు. 1758 మేలో చనిపోయారు.

క్రెస్పి గురించి రెండు ముక్కలు?

ఊళ్లో ఆయన్ని స్పెయిన్ వాడు అని పిలిచేవారు. స్పెయిన్ మొహం చూసినవాడు కాదు, ఒంటికి అతుక్కున్నట్టుండే స్పానిష్ ఫ్యాషన్ బట్టలు వేసుకుని తిరిగేవాడని ఆ పేరు. రాజులు, సాధువులు ఎంత గీశాడో, పేలు చూసుకునే ఆడవాళ్లనీ, అంట్లు తోముకునే పనమ్మాయినీ అంత శ్రద్ధగానూ గీశాడు. ఇంటి తలుపుకి చిన్న కన్నం చేసి, అందులో గాజు బిగించి, వీధిలో పోయేవాళ్ల నీడలు లోపల గోడ మీద తలకిందులుగా పడుతుంటే గంటల తరబడి చూసేవాడని చెబుతారు. చర్చిలో జరిపే ఏడు సంస్కారాల మీద వేసిన వరస ఇప్పుడు డ్రెస్డెన్‌లో ఉంది. అందులో పాపసంకీర్తనం (చేసిన పాపాల్ని గురువుకి చెప్పుకోవడం) బొమ్మకి మూలం చర్చిలో ఒక గురువు (ఫాదర్) మీద పడిన ఎండ చార. లాంబెర్తిని పోపు అయ్యాక ఆయనకి నైట్ బిరుదు ఇచ్చారు. చివరి రోజుల్లో చూపు పోయింది. 1747లో బొలోన్యాలోనే కన్నుమూశాడు.

ఈ పోపుకీ మన తెలుగు నేలకీ ఏదైనా సంబంధం ఉందా?

ఉంది, అదీ గట్టిదే. ఇందులోనూ బట్టల గొడవ ఉంది.

18వ శతాబ్దం మొదట్లో జెస్విట్ (యేసు సభ) అనే సన్యాస సభకు చెందిన ఫ్రెంచ్ గురువులు పుదుచ్చేరి నుంచి లోపలికి వచ్చి పుంగనూరు, కృష్ణాపురం, బుక్కాపురం వంటి చోట్ల పనిచేశారు. కర్నాటక మిషన్ అనేవారు. తెలుగు నేర్చుకున్నారు, కాషాయం కట్టారు, మాంసం మానేశారు, సన్యాసుల్లా బతికారు. అప్పుడే పెద్ద కులాలవాళ్లు మాట వింటారని వాళ్ల లెక్క. క్రైస్తవం తీసుకున్నవాళ్లు తాళి, బొట్టు, స్నానాల నియమాలు, పెళ్లిలో కొబ్బరికాయ లాంటివి ఉంచుకుంటే అభ్యంతరం చెప్పలేదు.

రోమ్‌లో దీని మీద గొడవ రేగింది. 1703 నవంబరులో పోపు ప్రతినిధిగా తుర్నోన్ పుదుచ్చేరిలో దిగారు. 1704 జూన్‌లో ఒక ఆజ్ఞ రాశారు. వినాయకుడి బొమ్మ ఉన్న తాళి వద్దు, 108 పోగుల పసుపు తాడు వద్దు, పేడ బూడిద నుదుట పూయొద్దు, అమ్మాయి పెద్దమనిషి అయినప్పుడు ఊరికి చాటే వేడుక వద్దు, క్రైస్తవ వాద్యగాళ్లు గుడి ఉత్సవాల్లో వాయించొద్దు. అన్నిటికన్నా ముల్లులా గుచ్చుకున్నది ఒకటుంది: జబ్బుపడిన పరయ (అప్పట్లో అంటరానివాళ్లుగా చూసిన) కులస్తుల దగ్గరికి గురువు వాళ్ల ఇంటికే వెళ్లాలి. సన్యాసి వేషంలో ఉన్న గురువు ఆ గుమ్మం తొక్కితే మిగతా కులాలు దూరమవుతాయని జెస్విట్లు మొత్తుకున్నారు. నలభై ఏళ్లు ఉత్తరాలు, వాదాలు, అప్పీళ్లు నడిచాయి.

దాన్ని 1744 సెప్టెంబర్ 12న ముగించింది మన బొమ్మలోని మనిషే. మదురై, మైసూరు, కర్నాటక మిషన్లను ఉద్దేశించిన శాసనపత్రంలో తుర్నోన్ ఆజ్ఞను దాదాపు పూర్తిగా ఖాయం చేశారు. బాప్తిస్మంలో ఉమ్మి తాకించడం వంటి కొన్ని కర్మలకు మాత్రం కొంతకాలం సడలింపు ఇచ్చారు. పరయ కులస్తుల దగ్గరికి వెళ్లే విషయంలో ఒక మధ్యే మార్గం ఒప్పుకున్నారు: వాళ్లకోసమే కొందరు గురువులను విడిగా కేటాయించడం. సౌమ్యుడు, హాస్యప్రియుడు అని మనం మెచ్చుకునే మనిషి కులాన్ని కూలదోయలేదు, దాని చుట్టూ దారి వేశారు. ఆనాటి లెక్కలో అది రాజీ. ఇప్పుడు చదివితే మనసు ఒప్పదు. గురువులు ఈ శాసనానికి కట్టుబడతామని ప్రమాణం చేయాల్సి వచ్చేది. ఆ ప్రమాణాన్ని రోమ్ తీసేసింది 1940లో.

పైన చెప్పిన కార్డినల్ పూల ఆంటోని దళిత సమాజం నుంచి ఆ హోదాకి వెళ్లిన మొదటి వ్యక్తి. తెలుగువాళ్లలోనూ మొదటివారు.

సరిగ్గా ఆ 1744లోనే కర్నాటక మిషన్‌కి పెద్దగా వచ్చిన గురువు గాస్తోన్-లోరాన్ కూర్దూ. తెలుగు, సంస్కృతం బాగా వచ్చినవాడు. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకీ చుట్టరికం ఉందని 1767లోనే పారిస్ పండితులకి రాసి పంపాడు. ఈ మాట అన్న ఘనత తర్వాత వేరేవాళ్లకి దక్కింది.

చిత్రాన్ని చూడాలంటే ఏం చేయాలి?

రోమ్ ట్రిప్‌లో వాటికన్ మ్యూజియాలకి టికెట్ ఎలాగూ తీసుకుంటారు. మనవాళ్లు లోపలికి వెళ్లగానే సిస్టీన్ చాపెల్ వైపు పరిగెడతారు. పినకోతెకా దానికి ఎదురు దిక్కున, 1932లో తెరిచిన విడి భవనం. జనం తక్కువ, టికెట్ అదే. ముందు ఇక్కడికి వెళ్లి, తర్వాత ఆ తోపులాటలోకి వెళ్లడం మేలు, ఎందుకంటే అక్కడికి వెళ్లాక వెనక్కి నడిచి రావడం పెద్ద టెన్షన్. టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. మామూలు ఆదివారాల్లో మూసి ఉంటుంది. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి. ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీసుకోవచ్చు, సిస్టీన్ చాపెల్‌లో అదీ కుదరదు.

మా ఊరి చర్చిలో పాత బిషప్పు బొమ్మ ఒకటుంది. ఆయిల్ పెయింటింగేనా?

చాలాసార్లు కాదు. 19వ శతాబ్దం చివర్లో యూరప్ నుంచి రంగుల అచ్చు బొమ్మలు విపరీతంగా వచ్చాయి. అచ్చువేశాక పైన వార్నిష్ పూసి, కాన్వాస్ గరుకు వచ్చేలా నొక్కేవారు. దూరం నుంచి నూనెరంగుల్లాగే ఉంటాయి. భూతద్దం పెట్టి చూడండి. రంగు చిన్న చిన్న చుక్కలుగా విడిపోతే అచ్చు. కుంచె గీత ఎత్తుగా ఉండి, అది బొమ్మలోని మడతతో పాటే తిరిగితే చేత్తో వేసింది. అచ్చులో గరుకు ఒక దారి, బొమ్మ ఒక దారి.

దుమ్ము పట్టి నల్లబడింది. తుడవొచ్చా?

తడిబట్ట వద్దు. ఉల్లిపాయ ముక్క, ఆలుగడ్డ, నిమ్మరసం, కొబ్బరినూనె, అద్దాలు తుడిచే స్ప్రే, ఇవేవీ వద్దు. కొబ్బరినూనె రాస్తే రెండు రోజులు నిగనిగలాడుతుంది, తర్వాత దుమ్మంతా దానికే అంటుకుని పేరుకుంటుంది. ఉల్లిపాయలో, ఆలుగడ్డలో ఉన్న నీరు వార్నిష్‌ని తెల్లగా పొంగిస్తుంది.

మీరు చేయగలిగింది ఇంత. ముందూ వెనకా ఫొటోలు తీసి పెట్టుకోండి. వెనక చీటీలు, రాతలు, సంఖ్యలు ఉంటే ఎట్టి పరిస్థితుల్లోనూ పీకొద్దు, బొమ్మ పుట్టుపూర్వోత్తరాలు తెలిసేది వాటి వల్లే. వానకి తడిసే బయటి గోడ మీద నుంచి తీసి లోపలి గోడకి, వేలు దూరేంత సందు ఉంచి తగిలించండి. కొవ్వొత్తుల స్టాండు, అగరొత్తులు, ట్యూబ్‌లైటు దాని కిందా పైనా ఉండకూడదు. రంగు పెచ్చులు లేస్తుంటే బొమ్మని నిలబెట్టకుండా, ముఖం పైకి ఉండేలా పడుకోబెట్టి, తెలిసినవాళ్లని పిలవండి. హైదరాబాద్‌లో సాలార్ జంగ్ మ్యూజియంలో సంరక్షణ ల్యాబ్ ఉంది, ముందు అక్కడ అడగండి. లక్నోలోని జాతీయ సంరక్షణ పరిశోధనశాల, ఇన్‌టాక్ సంస్థ కేంద్రాలు కూడా ఇలాంటి పని చేస్తాయి.

క్రెస్పి చిత్రాన్ని ప్రింట్ తీసి ఇంట్లో పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. చిత్రకారుడు పోయి రెండున్నర శతాబ్దాలు దాటింది, బొమ్మ మీద ఎవరికీ కాపీరైట్ లేదు. మ్యూజియం తీయించిన ఫొటోని పుస్తకంలోనో అమ్మకానికో వాడాలంటే మాత్రం వాళ్ల అనుమతి తీసుకోవాలి. ప్రింట్ వేయించేటప్పుడు ఒక జాగ్రత్త: ఫొటో స్టూడియోవాళ్లు నీడలు మరీ చీకటిగా ఉన్నాయని వెలుగు పెంచేస్తారు. క్రెస్పి బొమ్మకి ఆ చీకటి అవసరం. ఉన్నది ఉన్నట్టు వేయమని ముందే చెప్పండి.